సెయిల్ బోట్‌లో పాత ఐస్ బాక్స్‌ని ఫ్రిజ్‌గా మార్చాలా, కొత్త ఫ్రిజ్ కొనాలా?

ప్రశ్న: చెసాపీక్ తెరచాప

నమస్తే అండి. మేం మేరీలాండ్‌లో అన్నాపొలిస్ దగ్గర ఉంటాం. కిందటేడాది మా ఆయనా నేనూ కలిసి 1980ల నాటి 34 అడుగుల సెయిల్ బోట్ ఒకటి కొన్నాం. ఇంతవరకూ శని ఆదివారాలే తిరిగాం కాబట్టి తిండి సంగతి పెద్దగా ఆలోచించలేదు. ఈ జులైలో మాత్రం చెసాపీక్ బే వెంట కిందికి నార్‌ఫోక్ దాకా వెళ్ళి రావాలని, రెండు వారాలు పడవలోనే ఉండాలని అనుకుంటున్నాం. మా అత్తగారు కూడా వస్తున్నారు, ఆవిడకి రెండు పూటలా పెరుగు లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు. జులైలో ఇక్కడ ఉక్క ఎలా ఉంటుందో ఈ వైపు ఉండేవాళ్ళకి తెలుసు.

పడవలో పైనుంచి మూత తీసే ఐస్ బాక్స్ ఉంది. లోపల ఎటు కొలిచినా 19 అంగుళాలు, అంటే 4 ఘనపుటడుగులు. దాని వెనక గోడకి అవతలే ఇంజిన్. కరిగిన నీళ్ళు అడుగున ఉన్న గొట్టంలోంచి నేరుగా బిల్జ్‌లోకి, అంటే పడవ అట్టడుగున నీళ్ళు చేరే చోటికి పోతాయి, అక్కడినుంచి ఒకటే వాసన. శుక్రవారం సాయంత్రం 20 పౌండ్ల ఐస్ వేస్తే ఆదివారం ఉదయానికి మొత్తం నీళ్ళే.

మెరీనాలో ఒకాయన "ఉన్నవాటిలో పెద్ద కంప్రెసర్ పెట్టించుకోండి, సమస్య తీరిపోతుంది" అన్నారు. ఇంకొకరేమో దాన్ని పీకేసి ముందు తలుపు ఉన్న చిన్న 12 వోల్టుల ఫ్రిజ్ పెట్టమన్నారు. మాకు ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీ కాక 90 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు, 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి ఉన్నాయి. ఏం చేస్తే మంచిది? కరెంటు సరిపోతుందా? పడవల్లో తిరిగే మనవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: దక్షిణపు గాలి (ఫ్లోరిడా)

మేడమ్, కంప్రెసర్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. అసలు లెక్క మీరు చెప్పిన ఐస్‌లోనే ఉంది.

ఒక కిలో ఐస్ కరగాలంటే దాదాపు 93 వాట్ అవర్ల వేడి కావాలి. మీ 20 పౌండ్లంటే 9 కిలోలు, 840 వాట్ అవర్ల దాకా వస్తుంది. అది ఒకటిన్నర రోజులో కరిగింది కాబట్టి రోజుకి సుమారు 560 వాట్ అవర్ల వేడి మీ పెట్టెలోకి వస్తోంది. అందులో కొంత మీరు పెట్టిన వెచ్చటి సామాను తెచ్చినది, మిగతాదంతా గోడల్లోంచి, మూత అంచుల్లోంచి వచ్చినదే. ఆ కాలపు పడవల్లో ఐస్ బాక్స్ చుట్టూ రెండు అంగుళాల ఫోమ్ ఉంటే గొప్ప. కొన్నిచోట్ల ఫోమ్ అసలు లేక ఖాళీ ఉంటుంది.

చిన్న 12 వోల్టుల కంప్రెసర్ ఒక వాట్ అవర్ కరెంటు తీసుకుని సుమారు ఒకటిన్నర వాట్ అవర్ల వేడిని బయటికి తోస్తుంది అనుకుందాం. అప్పుడు మీకు రోజుకి 30 ఆంపియర్ అవర్ల పైచిలుకు కావాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కన్నా దించకూడదు కాబట్టి మీ 180లో వాడుకోగలిగేది 90. మంచి ఎండ ఉన్న రోజు 100 వాట్ల ప్యానెల్ 25 నుంచి 30 ఇస్తుంది, దానిమీద తెరచాప నీడ పడితే అంత కూడా రాదు. అంటే ఫ్రిజ్ ఒక్కదానికే ప్యానెల్ మొత్తం సరిపోదు, ఇక లైట్లు, పంపు, ఫోన్లు, జీపీఎస్ అన్నీ బ్యాటరీ మీద పడతాయి. రెండు రోజులు మబ్బు పడితే మీరు ఇంజిన్ వేసుకుని కూర్చోవాలి. పెద్ద కంప్రెసర్ పెట్టినా లోపలికి వచ్చే వేడి ఏమీ తగ్గదు, దాన్ని త్వరగా తోడేస్తుందంతే.

అందుకే డబ్బు ముందు ఇన్సులేషన్ మీద పెట్టండి. ఫ్రిజ్‌కి నాలుగు అంగుళాలు ఉండాలి, ఫ్రీజర్ కావాలంటే ఆరు. చుట్టూ ఉన్న చెక్కపని పీకలేకపోతే లోపలివైపే ఇంకో రెండు అంగుళాలు వేసుకోవచ్చు. కాకపోతే ఒకటి తెలిసి దిగండి, ఆరు వైపులా రెండేసి అంగుళాలు పోతే మీ 19 అంగుళాల పెట్టె 15 అవుతుంది, 4 ఘనపుటడుగులు కాస్తా 2కి వస్తుంది. వినడానికి బాధగానే ఉంటుంది కానీ 2 ఘనపుటడుగులంటే 55 లీటర్ల పైనే, ముగ్గురికి చాలు. గోడ మందం పెరుగుతుంది, పెట్టె కూడా చిన్నదవుతుంది కాబట్టి లోపలికొచ్చే వేడి సగానికన్నా కిందికి పోతుంది. అప్పుడు మీ ఒక్క ప్యానెల్‌తోనే ఫ్రిజ్ నడిచి ఇంకా కొంత మిగులుతుంది.

హార్డ్‌వేర్ షాపుల్లో పింక్, నీలం రంగుల్లో దొరికే గట్టి ఎక్స్‌పీఎస్ ఫోమ్ షీట్లు తీసుకోండి. రెండు అంగుళాల షీటు ఒకటి వేసే బదులు అంగుళం షీట్లు రెండు వరసలు వేయండి, ఒక వరస అతుకు మీద రెండో వరస అతుకు పడకుండా చూసి ప్రతి అతుకునీ ఫాయిల్ టేపుతో మూయండి. మూత రంధ్రం పెట్టె కన్నా చిన్నది కాబట్టి షీట్లని ముక్కలు చేసి దించాల్సి వస్తుంది, ఓపిక కావాలి. పైన ఫైబర్‌గ్లాస్ వేసేటప్పుడు ఎపాక్సీయే వాడండి, పాలియెస్టర్ రెజిన్ తగిలితే ఈ ఫోమ్ కరిగిపోతుంది. ఖాళీలు నింపుదామని డబ్బాలో దొరికే స్ప్రే ఫోమ్ గోడల వెనక్కి కొట్టకండి. అది గట్టిపడాలంటే గాలిలో తేమ తగలాలి, మూసి ఉన్నచోట లోపల పచ్చిగానే ఉండిపోతుంది.

మూతని అందరూ మర్చిపోతారు. గోడలకి నాలుగు అంగుళాలు పెట్టి మూత పలచటి పలకలా వదిలేస్తే ఉపయోగం లేదు. మూతకీ అంతే మందం పెట్టి, చుట్టూ రబ్బరు బీడింగ్ వేయండి. వీలైతే ఒకదాని కింద ఒకటి రెండు వరసలు. కాగితం ముక్క పెట్టి మూత వేసి లాగండి, ఎక్కడ సులువుగా జారితే అక్కడ గాలి పోతోందన్నమాట. అడుగున డ్రెయిన్ గొట్టం కూడా అలాంటిదే, బరువైన చల్లగాలి రాత్రీ పగలూ అందులోంచి కారిపోతూనే ఉంటుంది. ఫ్రిజ్‌గా మారుస్తున్నారు కాబట్టి దాన్ని శాశ్వతంగా మూసేయండి, బిల్జ్ వాసన కూడా పోతుంది.

ముందు తలుపు ఫ్రిజ్ మాటకొస్తే, తలుపు తీయగానే చల్లగాలంతా కింద పడిపోతుందని అందరూ భయపెడతారు. లెక్క వేసి చూస్తే 100 లీటర్ల గాలి మొత్తం మారిపోయినా, అందులో తేమతో కలిపి కూడా రెండు మూడు వాట్ అవర్లకి మించదు. అసలు బరువంతా మనం లోపల పెట్టే వెచ్చటి సామానుది. 30 డిగ్రీల్లో ఉన్న నీళ్ళు 10 లీటర్లు పెట్టి 4 డిగ్రీలకి దించాలంటే 300 వాట్ అవర్లు కావాలి, అంటే తలుపు వంద సార్లు తీసినంత. ముందు తలుపు ఫ్రిజ్ వద్దనడానికి నా కారణం వేరే. వాటి గోడలు పలచగా ఉంటాయి, పడవ ఒకవైపుకి ఒరిగినప్పుడు తలుపు తీస్తే సామాను కాళ్ళ మీద పడుతుంది.

జవాబు: హార్బర్ కుర్రాడు (విశాఖపట్నం)

అక్కా, సెయిల్ బోట్ గురించి నాకు తెలీదు గానీ ఐస్ గురించి చెప్పగలను. మా నాన్న, బాబాయి ఇద్దరూ వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో మెకనైజ్డ్ బోట్ల మీద పనిచేసినవాళ్ళే. రోజుల తరబడి వేటకెళ్ళే ఆ బోట్లలో చేపని కాపాడేది ఐసే.

మీ పెట్టె వెనక ఇంజిన్ ఉందన్నారు చూడండి, మా బోట్లలోనూ చేపలు పెట్టే గదికి ఒకవైపు ఇంజిన్ గదే ఉంటుంది. సరంగు, అంటే బోటు నడిపే పెద్ద, ఆ గోడ దగ్గర ఎప్పుడూ ఎక్కువ ఐస్ వేయిస్తాడు. వేడి వచ్చేది అడుగునుంచీ గోడలనుంచీ కాబట్టి ముందు కింద ఐస్ పరిచి, గోడల వెంట ఐస్ వేసి, మధ్యలో చేప. చేప గోడకి తగిలితే ఆ వైపు నుంచే పాడవుతుంది. చేప ఎంత ఉంటే ఐస్ కూడా దగ్గర దగ్గర అంత ఉండాలి మన వేడికి. మీరు కూడా ఐస్‌ని మధ్యలో కుప్పగా పోసి సామాను అంచులకి పెట్టకండి.

ఇంకోటి, త్వరగా చల్లబడాలంటే పొడి చేసిన ఐస్, ఎక్కువ రోజులు ఉండాలంటే గడ్డ ఐస్. పొడి చేసింది సామాను చుట్టూ అంటుకుని గబగబా చల్లబరుస్తుంది గానీ దానికి పైతలం ఎక్కువ కాబట్టి తొందరగానే కరిగిపోతుంది. మీ దేశంలో సంచుల్లో అమ్మేది చిన్న ముక్కలే అనుకుంటా, అది కూడా అంతే. ఇంట్లో ఫ్రీజర్ ఉంటుంది కదా, పెద్ద ప్లాస్టిక్ సీసాల్లో తాగేనీళ్ళు పోసి, పైన కొంచెం ఖాళీ వదిలి, గడ్డకట్టించి తీసుకెళ్ళండి. కరిగినా నీళ్ళు సీసాలోనే ఉంటాయి, సామాను తడవదు, తర్వాత తాగొచ్చు.

ఫోమ్ వేసే ముందు పాత ఫోమ్ తడిగా ఉందేమో తప్పక చూడండి. మా వైపు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోటు రిపేర్లన్నీ ఆ రెండు నెలల్లోనే చేయించుకుంటారు. లోపలి లైనింగ్‌లో పగులు ఉంటే దాంట్లోంచి నీళ్ళు దిగి ఫోమ్ నానిపోతుంది, నానిన ఫోమ్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. పెట్టె అడుగు మూలలో చిన్న రంధ్రం వేసి చూడండి, నీళ్ళు కారితే ఆ ఫోమ్ తీసేయాల్సిందే. దానిమీద కొత్తది వేస్తే తడి లోపలే ఉండిపోతుంది.

జవాబు: పసిఫిక్ పడవ (కాలిఫోర్నియా)

పైన ఇద్దరూ చెప్పినదానికి నేను కరెంటు వైపు మాత్రం కలుపుతాను, ఎందుకంటే ఫ్రిజ్ పనిచేయట్లేదని వాపోయేవాళ్ళలో చాలామందికి కంప్రెసర్ బాగానే ఉంటుంది, వైరు సన్నగా ఉంటుంది.

ఐస్ బాక్స్‌ని ఫ్రిజ్‌గా మార్చడానికి మీరు కొనబోయే కిట్ ఏ కంపెనీదైనా లోపల ఉండే కంప్రెసర్ చాలావరకు బీడీ35 లేదా బీడీ50. ఒకప్పుడు డాన్‌ఫాస్ పేరుతో వచ్చేవి, ఇప్పుడు సెకాప్ పేరుతో వస్తున్నాయి. ఇన్సులేషన్ సరిచేశాక మీ 2 ఘనపుటడుగుల పెట్టెకి చిన్నదైన బీడీ35 చాలు. దాన్ని తక్కువ స్పీడులో, అంటే 2000 ఆర్‌పీఎమ్ దగ్గర నడపండి. ఎక్కువసేపు తిరుగుతుంది కానీ మొత్తం మీద తక్కువ కరెంటు తాగుతుంది.

ఈ కంప్రెసర్ కంట్రోల్ యూనిట్‌కి చిన్న ఎల్ఈడీ పెట్టుకోవచ్చు, కొన్ని కిట్లలో ముందే ఉంటుంది. ఏదైనా తేడా వస్తే అది వెలిగి ఆరుతుంది. ఒకసారి వెలిగితే ఓల్టేజి తక్కువ, రెండుసార్లయితే ఫ్యాన్ ఎక్కువ కరెంటు లాగుతోంది, మూడుసార్లయితే మోటారు స్టార్ట్ కావట్లేదు, నాలుగయితే మోటారు తిరగాల్సినంత వేగం అందుకోవట్లేదు, అయిదయితే కంట్రోల్ యూనిట్ వేడెక్కింది. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు కనిపిస్తుంటే ఇక్కడ ఒక్కసారి వెలుగుతోందంటే మధ్యలో వైరే తినేస్తోందన్నమాట. లైట్ల వైరులోంచి కలపకుండా ఫ్యూజు పెట్టి స్విచ్ పానెల్ నుంచి విడిగా లావుపాటి వైరు లాగండి, వెళ్ళడానికీ రావడానికీ కలిపి పొడవు లెక్కేసుకోండి.

కంప్రెసర్ ఎక్కడ పెడుతున్నారన్నది కూడా ముఖ్యమే. ఇంజిన్ పక్కన మూసి ఉన్న అరలో పెడితే అది వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. కింద బిల్జ్ వైపు నుంచి చల్లగాలి వచ్చేలా, పైన వేడిగాలి పోయేలా దారి ఇవ్వండి. కీల్ కూలర్ పెట్టి సముద్రపు నీటికి వేడిని వదిలే రకాలు ఉన్నాయి, బాగా పనిచేస్తాయి, కానీ పడవకి కొత్త రంధ్రం చేయాలి, బోటు పైకి తీయాలి. జులైలోపు అది పెట్టుకోవద్దు.

అసలు జులైలోపు ఫైబర్‌గ్లాస్ పని అవుతుందా అన్నదే నా అనుమానం. కాకపోతే ఈ ఏడాదికి కంప్రెసర్ ఉన్న 40 లీటర్ల పోర్టబుల్ ఫ్రిజ్ ఒకటి కొని, క్యాబిన్‌లో నేలమీద కదలకుండా పట్టీలతో కట్టేయండి. తర్వాత కారులోనూ పనికొస్తుంది. దాని పక్కనే తక్కువ ధరలో థర్మోఎలక్ట్రిక్ కూలర్లు కనిపిస్తాయి, వాటి జోలికి మాత్రం పోకండి. బయటి వేడి కన్నా ఓ 20 డిగ్రీలు తగ్గించడమే వాటికి గగనం, నాలుగైదు ఆంపియర్లు ఆగకుండా లాగుతూనే ఉంటాయి.

జవాబు: ఆక్లాండ్ వంట

అందరూ పెట్టె గురించి చెప్పారు, లోపల ఏం పెట్టాలో నేను చెప్తాను. మేం న్యూజిలాండ్‌లో ఎండాకాలం సెలవుల్లో పడవలోనే వండుకుంటాం. ఫ్రిజ్ చిన్నదైపోతుందని బాధపడాల్సిన పనే లేదండి, మన వంటలో సగం ఫ్రిజ్ పుట్టకముందు నుంచీ ఉన్నదే. ఆవకాయ, చింతకాయ పచ్చడి, కందిపొడి, నువ్వులపొడి, కారప్పొడి, ఒడియాలు, ఊరమిరపకాయలు, ఎండు రొయ్యలు, ఏ ఒక్కటీ చల్లగా ఉండక్కర్లేదు. పప్పుకి ఉల్లి, చింతపండు ఉంటే చాలు. గుమ్మడికాయ కోయకుండా ఉంటే వారాల తరబడి ఉంటుంది, కంద కూడా అంతే. క్యాబేజీ రెండు వారాలు ధైర్యంగా ఉంటుంది. బీరకాయ, బెండకాయ, ఆకుకూరలు మొదటి మూడు రోజుల్లో తినేయండి. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఒకే సంచిలో వేయకండి, గాలి ఆడే వల సంచుల్లో విడివిడిగా వేలాడదీయండి.

పెరుగు సంగతి చాలా సులువు. పెరుగు డబ్బాలు మోసుకెళ్ళకండి, యూహెచ్‌టీ పాల ప్యాకెట్లు తీసుకెళ్ళండి. తెరిచేదాకా బయటే ఉంటాయి. రోజూ ఒక ప్యాకెట్ గోరువెచ్చగా చేసి తోడు వేస్తే జులై వేడికి నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది. తోడుకున్నది మాత్రం వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి, ఆలస్యమైతే అత్తగారు ముద్ద నోట పెట్టుకోలేనంత పులుస్తుంది. తోడుకి రెండు చెంచాలు ఎప్పుడూ విడిగా దాచండి.

అమెరికాలో కొనే గుడ్లు కడిగి, చల్లగా ఉంచి అమ్మినవి. వాటిని బయట పెట్టకండి, ఫ్రిజ్‌లోనే ఉండాలి. మిగిలిన అన్నం కూడా బయట ఉంచకండి, పూటకి సరిపడా వండుకోవడం మంచిది. ఇడ్లీ పిండి తెస్తే ముందే పులిసి చల్లబడినది తెచ్చి రెండు మూడు రోజుల్లో వాడేయండి.

ఇంట్లోంచి బయల్దేరేముందు పెట్టెలోకి పోయే ప్రతిదీ ఇంటి ఫ్రిజ్‌లో రాత్రంతా చల్లబడాలి. పాల ప్యాకెట్లు, నీళ్ళు బయటే ఉంచి, ఆ రోజుకి కావాల్సినవి మాత్రం లోపల పెట్టండి. పైనుంచి తీసే పెట్టె కాబట్టి బుట్టలు పెట్టుకుని, గుడ్లు, మాంసం అడుగున, రోజూ తీసేవి పైన. లోపల ఓ థర్మామీటర్ పెట్టి 4 డిగ్రీలు దాటకుండా చూసుకోండి.

చెసాపీక్ తెరచాప

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. తమ్ముడు చెప్పినట్టు మూలలో రంధ్రం వేసి చూశాం, గోడలు పొడిగా ఉన్నాయి, ఇంజిన్ వైపు అడుగు మాత్రం తడిగా ఉంది. మా ఆయనా నేనూ మాట్లాడుకుని ఈ జులైకి పోర్టబుల్ ఫ్రిజ్, పాత పెట్టెలో గడ్డకట్టిన సీసాలు అనుకున్నాం. చలికాలంలో పడవ పైకి తీసినప్పుడు ఇన్సులేషన్ పని పెట్టుకుంటాం. ఒక్క అనుమానం, దారిలో సీసాలు కరిగిపోతే డ్రై ఐస్ కొని పెట్టొచ్చా? కొన్ని సూపర్ మార్కెట్లలో అమ్ముతారు.

దక్షిణపు గాలి (ఫ్లోరిడా)

డ్రై ఐస్ పడవ లోపలికి తేకండి మేడమ్. అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, నీళ్ళు కాకుండా నేరుగా వాయువైపోతుంది, ఆ వాయువు గాలి కన్నా బరువు కాబట్టి క్యాబిన్ అడుగున చేరుతుంది, మీరు పడుకునే బంకులు ఉండేది ఆ ఎత్తులోనే. కిటికీలు మూసి ముగ్గురు నిద్రపోయే చోట అది ప్రాణాలకే ప్రమాదం. మెరీనాలో ఆగిన రాత్రి షోర్ పవర్, అంటే ఒడ్డు నుంచి వచ్చే కరెంటు ఉంటుంది కదా, పోర్టబుల్ ఫ్రిజ్‌ని ఫ్రీజర్ సెట్టింగ్‌లో పెట్టి, లోపలి సామాను పాత పెట్టెలోకి మార్చి, సీసాలు మళ్ళీ గడ్డకట్టించుకోండి. ఒక గ్యాలన్ సీసా గడ్డకడితే 350 వాట్ అవర్లు దాచుకున్నట్టే, కానీ అంత పెద్దది ఒక్క రాత్రిలో కట్టదు, అరలీటర్ సీసాలు అయితే తెల్లారేసరికి అవుతాయి. బయల్దేరేటప్పుడు సెట్టింగ్ మళ్ళీ 3 డిగ్రీలకి మార్చడం మర్చిపోకండి, లేకపోతే కూరగాయలు గడ్డకడతాయి.

ఇంజిన్ వైపు తడి ఫోమ్ చలికాలంలో పూర్తిగా తవ్వి తీసేయండి. ఇంజిన్ వైపున్న ఆ ఒక్క గోడకీ ఆరు అంగుళాలు ఇవ్వండి, మిగతావాటికి నాలుగు.